దేముడి చెట్టు అసిరమ్మను తినలేదు

టాటానగర్ సోనారిలో మా బస్తీ మలుపు దగ్గరకు వస్తే చాలు, ఇప్పుడు ఆటోవాళ్ళు కూడా దేముడి ఇల్లు వేలు పెట్టి చూపిస్తున్నారు. "బీవీ కో ఖా గయా, వహీ పేడ్" అంటారట. పెళ్ళాన్ని తినేసిన చెట్టు ఉన్న ఇల్లు అని. మొన్న టెల్కో కాలనీ నుంచి శుభలేఖ ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ మా వరండాలో కూర్చుని, నేనిచ్చిన టీ తాగుతూ, ఆ కథ నాకే చెప్పింది. చెట్టుకు పళ్ళున్నాయట. తీగ కిటికీలోంచి మంచం దాకా పాకిందట. దేముడే దానికి కోడిపేగులు మేపి రుచి మప్పాడట.

"ఏటమ్మా, నువ్వు సూసినావా?" అని అడిగాను.

"నాను సూడనేదు గానీ, మా ఆడపడుసు సూసిందట, ఫోనులో."

ఆ చెట్టుకూ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. నాలుగేళ్ళుగా దాన్ని రోజూ చూస్తున్నాను. దానికి పళ్ళు లేవు. ఆకు కొసన సన్నటి తీగ, తీగ కొసన వేలాడే గిన్నె, గిన్నె మీద మూతలాంటి చిన్న ఆకు. అంతే. ఉన్నవాటిలో పెద్ద గిన్నె మా ఇంట్లో పాలు పోయించుకునే చిన్న చెంబంత ఉంటుంది. అందులో అసిరమ్మ చెయ్యి మణికట్టు దాకా కూడా దిగదు. అసిరమ్మ దేముడి భార్య. ఆమె ఊపిరాడక పోయింది. ఆస్పత్రి వరండాలో, బల్ల మీద, పొద్దున్న పదిన్నరకి. పక్కన నేనున్నాను. అక్కడ ఏ చెట్టూ లేదు.

పుకారు ఎక్కడ పుట్టిందో కూడా నాకు తెలుసు. అది దాచను. కానీ ముందు దేముడు ఎవరో చెప్పాలి. చెట్టు గురించి చెప్పుకునే వాళ్ళలో సగం మందికి ఆ మనిషి పేరే తెలియదు.

దేముడిది టెక్కలి దగ్గర పల్లె. మేనమామ టాటానగర్ రైల్వే గ్యాంగులో పని చేసేవాడు. ఇరవై ఏళ్ళ వయసులో ఆయన వెంట రైలెక్కి వచ్చేశాడు. మన వాళ్ళంతా రైల్వేలోనో కార్ఖానాలోనో ఎక్కడో ఒకచోట కుదురుకుంటున్న రోజులవి. దేముడికి ఎడమకన్ను మసక. మెడికల్లో తీసేశారు. ఇక చేసేది లేక బంగళాల తోటల కాంట్రాక్టులో మాలీగా చేరాడు. "రెండేళ్ళు సెయ్యరా, పక్కా సేసేత్తారు" అన్నాడు మేనమామ, పర్మినెంటు చేస్తారని. ముప్పై ఒక్క ఏళ్ళు చేశాడు. మేనమామ పోయాడు, మేనమామ కొడుకు రిటైరయ్యాడు, దేముడు పక్కా కాలేదు.

ఆ కాంట్రాక్టు తీరు ఎలాగంటే, మూడు నాలుగేళ్ళకోసారి ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, మారతాడు. గేటు పాసు రంగు మారుతుంది. మాలీలు మాత్రం వాళ్ళే. నీలం పాసు, పసుపు పాసు, ఆకుపచ్చ పాసు. చెల్లిపోయిన పాసులన్నీ అసిరమ్మ బిస్కట్ డబ్బాలో దాచేది. ఎవరైనా ఇంటికి వస్తే మూత తీసి చూపించేది.

"ఇదిగో వదినా, మీ తమ్ముడి ఉజ్జోగం. మా ఇంట్లో ఏడాదంతా హోలీయే."

దేముడు మట్టి వాసన చూసి అందులో ఏం తక్కువైందో చెప్పేవాడు. అతను పెంచిన గులాబీలకు పూల పోటీలో మూడుసార్లు కప్పు వచ్చింది. కప్పు బంగళా వాళ్ళు పట్టుకున్నారు. ఆ ఫోటో ఒకటి దేముడి గోడ మీద ఉంది. అందులో వెనక వరసలో ఒక చెవీ, సగం చెంపా కనబడతాయి. అవి దేముడివని అసిరమ్మ పందెం వేసి చెప్పేది. దేముడు కాదనేవాడు కాదు, అవుననేవాడు కాదు. అసలు నోరు విప్పడమే తక్కువ. మొక్కల సంగతి అడిగితే మాత్రం చెబుతాడు.

ఈ గిన్నెచెట్టు కూడా బంగళాదే. ఎవరో ఈశాన్యం కొండల వైపు నుంచి తెచ్చి ఏసీ గదిలో పెట్టుకున్నారు. అది ఎండిపోతుంటే అవతల పారెయ్యమన్నారు. దేముడు దాన్ని తడిగుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. పెరట్లో స్నానాల గది రేకు కింద, కొబ్బరిపీచూ ఇటుకముక్కలూ వేసిన కుండీలో పెట్టాడు. చుట్టూ గోనెసంచి కట్టాడు. రోజుకు నాలుగుసార్లు ఆ గోనె తడపాలి. కుళాయి నీళ్ళు దానికి పడవు. వానాకాలంలో రేకు మీంచి పడే నీళ్ళు రెండు డ్రమ్ముల్లో పట్టి ఏడాదంతా దాచేవాడు.

అది ఏం తింటుందో తెలుసుకునే దాకా నాకు కాలు నిలవలేదు. గోడ మీంచి మెడ చాపి అడిగాను.

"సీమలు తింటాదప్పా. పురుగులు తింటాది" అన్నాడు. అక్కను అప్పా అంటారు మా వైపు.

"ఏటిరా, మట్టిలో పెట్టిన సెట్టు పురుగులెందుకు తినాల? ఇంత పేడ ఎయ్యి."

"పేడేత్తే ఆకులేత్తాది గానీ గిన్నెలెయ్యదు. మట్టిలో బలం నేకపోతేనే గిన్నెలేత్తాది. ఆకలుండాల."

లోపల్నించి అసిరమ్మ అందుకుంది. "అయితే సరైన కొంపకే వచ్చిందిలే వదినా. మా ఇంట్లో బలం ఎక్కడేడిసింది గనక!"

ఆవిడ రోజంతా ఆ చెట్టును తిట్టేది. మనిషికి ముద్ద లేని కొంపలో దీనికి మాంసం కావాలా అనేది. ఆ తిట్లే మాకందరికీ గుర్తుండిపోయాయి. మిగతావి గుర్తుండవలసినప్పుడు గుర్తు రాలేదు. ఒకరోజు బొద్దింక పడింది. అసిరమ్మ దానికి మున్షీ అని పేరు పెట్టింది. మాలీల హాజరు రాసేవాడిని మున్షీ అంటారు, అరగంట ఆలస్యమైతే పూట కూలి కోసేవాడు. "మున్షీ మునిగిపోనాడు, రండర్రా" అని కేకేసింది. కందిరీగలు పడితే మున్షీ బావమరుదులు. దసరా రోజుల్లో ఒక బల్లి పడింది. "వదినోయ్, ఠేకేదారు పడ్డాడు! బేగి రా!" అని గోడ మీద గరిటెతో కొట్టింది. నేను పొయ్యి మీద పప్పు వదిలేసి వెళ్ళాను. వారం పోయాక గిన్నె వంచి చూపించింది. అడుగున దారాల్లాంటి తెల్లటి ఎముకలు. మాంసం ఏమైందో లేదు.

"ఈ జనమలో ఠేకేదార్ని అరిగించుకున్నోడు ఇదొక్కడే" అంది. దేముడు అప్పుడు నవ్వాడు. అతను పైకి నవ్వగా నేను చూసింది బహుశా అదే.

కిందటేడు చలికాలంలో చుంచుపిల్ల పడింది. తోక బయటికి వేలాడుతోంది. బస్తీ అంతా వరస కట్టింది. ఒకతను ఫోనులో తీసి ఊరంతా పంపాడు. శుభలేఖావిడ ఆడపడుచు చూసినది అదే అయి ఉంటుంది. ఆ రోజు అసిరమ్మ దానికి పేరు పెట్టలేదు. జనం వెళ్ళిపోయాక నాతో అంది, "నీళ్ళు తాగుదారని వచ్చుంటాది వదినా. దానికేటి తెలుసు."

మర్నాటి నుంచి పెద్ద గిన్నెలో ఒక పుల్ల పెట్టడం మొదలుపెట్టింది. చీపురుపుల్లలు నాలుగు కలిపి దారం చుట్టి, ఒక కొస గిన్నెలోకి, ఒక కొస బయటికి. ఏదైనా కాస్త పెద్దది పడితే పట్టుకుని ఎక్కి వచ్చేస్తుందని. "సీమలు సాల్లే దానికి" అనేది. గిన్నె ముదిరి వాడిపోతే పుల్ల తీసి కొత్త గిన్నెలో పెట్టేది. వాళ్ళమ్మాయి ఉజ్వల వెక్కిరించేది, "మమ్మీ నే సీఢీ లగాయా" అని. అమ్మ నిచ్చెన వేసిందట.

ఉజ్వల ఒక్కతే కూతురు. ఆదిత్యపూర్లో ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. తెలుగు మాట అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. తెలుగు అక్షరం రాదు. మన సంఘం పుస్తకంలో ఇది రాసే ధైర్యం నాకు అందుకే వచ్చింది.

ఈ ఏడు మార్చి ఆఖరుకు ఠేకేదారు మళ్ళీ మారాడు. కొత్తవాడు యాభై దాటిన వాళ్ళ పేర్లు తీసేశాడు. దేముడి పేరు లేదు. అసిరమ్మ ఆయాసానికి మందు ఆ ఉద్యోగం మీద ఇచ్చిన కార్డుతో వచ్చేది. పేరు పోయిన నాడే కార్డూ పోయింది. పీల్చే మందు ఏప్రిల్ మొదట్లో అయిపోయింది. ఆవిడ ఆ ఖాళీ గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది, ఏమైనా మిగిలిందేమో అని. దేముడు బిస్కట్ డబ్బా చంకన పెట్టుకుని కొత్త ఠేకేదారు ఆఫీసుకు వెళ్ళాడు. ముప్పై ఒక్క ఏళ్ళ పాసులు బల్ల మీద పరిచాడు. అక్కడి మున్షీ ఒక్కొక్కటీ తిప్పి చూసి, "చాచా, యే సబ్ మ్యూజియం మే రఖో" అన్నాడట. ఇవన్నీ మ్యూజియంలో పెట్టుకోమని.

ఆ నెల ఇరవై రెండున ఆయాసం బాగా ఎక్కువైతే ఆటోలో తీసుకెళ్ళాం. లోపల కార్డు అడిగారు, లేదంటే చీటీ రాయించుకు రమ్మన్నారు. ఉజ్వల ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పరుగెత్తుతోంది. మేమిద్దరం వరండాలో ఆమెను పట్టుకుని కూర్చున్నాం. అసిరమ్మ దేముడి చూపుడువేలు పట్టుకుంది. పసిపిల్ల పట్టుకున్నట్టు, గుప్పిటంతా మూసి. పోయాక కూడా వదల్లేదు. నర్సు వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే తీసింది.

ఇది జరిగింది. దీన్ని ఏ ఆటోవాడూ చెప్పడు. చెట్టు తినేసిందంటే కథ బాగుంటుంది.

ఇక నేను చేసినది.

మూడో రోజు చిన్నదినం. మన వాళ్ళలో ఆ రోజు పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, పక్షికి పెడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి తీరని కోరిక ఏదో ఉండిపోయిందని లెక్క. అప్పుడు తలా ఒకటి ఊహించి చెబుతారు. ఇది చేస్తాం, అది చేస్తాం, ముట్టు తల్లీ అని. ఏ మాటకు పక్షి ముడితే అదే ఆ మనిషి కోరిక. ఆ మాట తప్పకూడదు.

రైల్వేలో ఖలాసీ చేసి రిటైరైన వరహాలు మన వాళ్ళకి ఈ కర్మలన్నీ చేయిస్తాడు. అతనే పెరటి గోడ మీద ఆకు పెట్టాడు. అన్నం, ఎండుచేపల కూర, వంకాయ, గ్లాసులో టీ, పక్కన రెండు బిస్కట్లు. ఎండ మండిపోతోంది. గంటన్నర గడిచినా ఒక్క కాకి రాలేదు. వరహాలు గొంతు పోయేలా పిలిచాడు.

"ఉజ్వల పెళ్ళి బాగా సేత్తాం తల్లీ, ముట్టు" అన్నాడు. రాలేదు.

"నీ ముక్కుపుడక ఉజ్వలకే ఇత్తాం" అంది పక్కింటి ఉమామహేశ్వరి. రాలేదు.

"అత్తా, మమ్మీ భూఖీ హై క్యా?" అని ఉజ్వల నా చెయ్యి పట్టుకుంది. అమ్మ ఆకలితో ఉందా అని. ఏదో ఒకటి చెయ్యాలి. ఎదురుగా ఆ గిన్నెచెట్టు కనబడింది.

"దేముడూ, ఆ సెట్టు తీసేత్తానని సెప్పు. దానికా సెట్టంటే పడదు. రోజూ తిట్టీది గదా."

దేముడు తల ఎత్తాడు. "అప్పా, అది..." అని ఏదో అనబోయాడు.

"నువ్వు మాటాడకు. సెప్పమన్నది సెప్పు. గుంట ఏడుత్తంది."

"తీసేత్తాను" అన్నాడు.

అన్న మరుక్షణమో, రెండు నిమిషాలకో, నాకు సరిగ్గా గుర్తులేదు, అందరూ మరుక్షణమే అంటారు, ఒక బుల్లి పిట్ట వచ్చి గోడ మీద వాలింది. గోధుమరంగు, బొటనవేలంత ఉంటుంది. మునియా అంటారు ఇక్కడ. ఆకు అంచున ఉన్న మెతుకు ఒకటి లాక్కుని ఎగిరిపోయింది.

వరహాలు నసిగాడు. "కాకి గాదు గదా అప్పా..."

"కాకైతే ఏటి, పిట్టైతే ఏటి!" అని నేను గట్టిగా అన్నాను. "వచ్చింది అసిరమ్మే. సూడు, బక్కగా, సిన్నగా, అచ్చం దానిలాగే నేదూ? ఊపిరాడక పోయింది గదా, ఇప్పుడు సుబ్బరంగా ఎగురుతంది."

ఉజ్వల బావురుమంది. దేముడు గోడ వంక చూస్తూ నిలబడిపోయాడు. నా మాట పని చేసిందని ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆ రోజు నుంచి ఉజ్వల ఆఫీసుకు వెళ్ళే ముందు గోడ మీద నూకలు చల్లేది. మునియాలు రెండు మూడు వచ్చేవి. వాటిలో ఏది అమ్మో ఆ పిల్లకు తెలిసిపోయినట్టు ఒకదానితోనే మాట్లాడేది. "మమ్మీ, ఖా లో" అని, తినమ్మా అని. నేను గోడ ఇవతల నుంచి విని మంచిదే అనుకున్నాను. దేముడు అక్కడే గోనె తడుపుతూ వినేవాడు.

చెట్టు మాత్రం తీయలేదు. ఉజ్వల అడిగింది, "పాపా, ఆప్ నే బోలా థా" అని, తీస్తానన్నావు కదా నాన్నా అని. నేనూ అడిగాను. అతని జవాబు మాలీ జవాబే.

"ఈ ఎండల్లో మొక్కని కదపకూడదప్పా. ఏరు సచ్చిపోద్ది. తొలకరి పడనీ. పడ్డాక తీసి ఎవలికైనా ఇచ్చేత్తాను."

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పని చేసిన చెయ్యి. మేనెలలో ఎవరి మొక్కా పెకిలించలేదు, ఠేకేదారు గదమాయించినా పెకిలించలేదు. అలవాటే అనుకుని నేనూ ఊరుకున్నాను.

పెద్దదినం దాటి వారమైంది. ఒక ఆదివారం పొద్దున్న దేముడి ఇంట్లో ఉండిపోయిన మా ఇత్తడి గిన్నె తెచ్చుకుందామని వెళ్ళాను. దొరికింది కదా, తిరిగి రావచ్చు కదా? రాలేదు. స్నానాల గది రేకు కిందికి వెళ్ళి, వంగి, చెట్టుకున్న పెద్ద గిన్నెలోకి తొంగి చూశాను. ముందు వాసన కొట్టింది. తర్వాత తడిసి ముద్దైన ఈకలు కనబడ్డాయి. ఒక పక్కగా ముక్కు. తల తోలు జారిపోయి ఉంది. మునియా.

"ఓలమ్మో! అసిరమ్మని మింగేసిందిరో!" అని అరిచాను.

పుకారు పుట్టినది అప్పుడే. పుట్టించినది నేనే. ఉమామహేశ్వరి పరుగెత్తుకొచ్చి చూసి, తిరిగి వెళ్ళి వాళ్ళ వాకిట్లో చెప్పేసరికి "పిట్ట" అన్న మాటే లేదు. సాయంత్రానికి వీధి చివర దాకా పాకింది. నాలుగు రోజులకు ఖర్కాయి నది దాటింది.

నా కేక విని ఉజ్వల తల మీద తువ్వాలుతో వచ్చింది. గిన్నెలోకి చూసింది. ఏడవలేదు. చుట్టూ వెతికింది.

"పాపా, డండీ కహా హై?"

పుల్ల ఏదని. అసిరమ్మ పెట్టే చీపురుపుల్ల. పాత గిన్నె ఒకటి పక్కనే ఎండిపోయి వేలాడుతోంది. పుల్ల అందులోనే ఉంది. కొత్త గిన్నెలోకి మార్చేవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఉజ్వల దాన్ని తీసి చేత్తో పట్టుకుని తండ్రి ఎదుట నిలబడింది.

"ఆప్ నే దేఖా థా?"

దేముడు గోనె తడుపుతున్నాడు. చెంబుతో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. ఆమె మూడుసార్లు అడిగింది. నువ్వు చూశావా, నాన్నా? బతికుండగా చూశావా? అతను చెంబు మళ్ళీ డ్రమ్ములో ముంచాడు. మధ్యాహ్నానికల్లా ఒక సంచిలో నాలుగు బట్టలు పెట్టుకుని, ఆదిత్యపూర్లో తనతో పని చేసే పిల్ల గదికి వెళ్ళిపోయింది. ఆ పుల్ల కూడా సంచిలో పెట్టుకుంది.

పది రోజులాగి నేను వంతెన దాటి వెళ్ళాను. చిన్న గది. పక్కనే లేతు మిషన్ల రొద. పిల్ల సగమైపోయింది.

"ఉజ్వలా, పిట్ట అన్నాక నీళ్ళకొత్తాది, పడతాది. మీ నాన్న తోసేసినాడా ఏటి? పద ఇంటికి. ఆడు ఒక్కడూ వండుకోనేక మరమరాలు నములుతన్నాడు."

"అత్తా, గిర్ గయీ, ఠీక్ హై" అంది. పడింది, సరే, అందుకు తనకు కోపం లేదంది. చెట్టు తీయకపోయినా సరేనంది. తనకు కావలసినది ఒక్కటే. నాన్న చూశాడా, చూసి వదిలేశాడా? చూడలేదంటే చాలు, ఆ రోజే సంచి సర్దుకుని వచ్చేస్తుంది. చూశాడంటే మాత్రం ఆ గడప ఎక్కదు. "ఆస్పత్రిలోనూ అంతే అత్తా, కార్డు అడుగుతూ అందరూ మమ్మీని చూస్తూ కూర్చున్నారు" అని హిందీలోనే అంది. "ఆప్ పూఛో. ఆప్ తో సబ్ సే పూఛ్ లేతీ హో." మీరు అడగండి, అందరినీ అన్నీ అడుగుతారు కదా అని.

అడగడం నాకొక పనా? వచ్చేటప్పుడు ఆటోలో కూర్చుని జవాబు కూడా నేనే తయారుచేసుకున్నాను. వాడు చూసి ఉండడు. ఒక కన్ను మసక, ఆ మూల చీకటి, ఇంకేం చూస్తాడు. ఆ మాట వాడి నోట అనిపించుకుని, ఫోను చేసి పిల్లకు చెప్పేస్తే రెండు రోజుల్లో ఇంట్లో ఉంటుంది.

కానీ దేముడు దొరికేవాడు కాదు. గోడ మీంచి పిలిస్తే "మల్లె తీగకి పందిరెయ్యాల" అనేవాడు. ఇంటికి వెళితే టీ పెట్టేవాడు. అసిరమ్మ పెట్టినట్టే పెట్టేవాడు, అల్లం ఎక్కువ వేసి. ఆ మాట ఎత్తితే డ్రమ్ము దగ్గరకు వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు ఒక ప్రైవేటు నర్సరీలో రోజు పనికి వెళుతున్నాడు. అక్కడ కుర్ర మాలీలు అతన్ని చూసి కొరికినట్టు పళ్ళు చూపించి నవ్వుతారట. అదీ నాకు వేరేవాళ్ళు చెబితేనే తెలిసింది.

ఆ సంగతి విన్నాక కూర్చుని మొదటి నుంచీ తలచుకున్నాను. మున్షీ, ఠేకేదారు, చుంచుపిల్ల, దారం చుట్టిన పుల్ల. అసిరమ్మకు ఆ చెట్టంటే పడదని నేను ఎలా అనగలిగాను? గోడ దగ్గర దేముడు "అప్పా, అది..." అని ఆగిపోయిన మాట ఏమిటో నేను ఆ రోజు అడగలేదు. ఊళ్ళో అందరినీ అన్నీ అడిగేదాన్ని, అదొక్కటి అడగలేదు.

జూన్ మూడో వారంలో తొలకరి పడింది. ఆ రోజే నేను దేముణ్ణి అడిగేశాను, అడిగి ఇప్పటికి నెల. ఉజ్వల ఫోను చేసినప్పుడల్లా "ఇంకా అడగనేదమ్మా, ఆడు కుదురుగా లేడు" అనే అంటున్నాను.

ఆ రోజు రేకు మీంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. దేముడు డ్రమ్ములు వరసగా పెట్టి పడుతున్నాడు. నేను గొడుగు కూడా లేకుండా వెళ్ళాను. పిట్ట పడిన గిన్నె నల్లబడి కుళ్ళిపోయి ఉంది. అంత తిండి అరిగించుకోలేదట అది. పక్కన కొత్త ఆకు కొసన చిటికెనవేలంత గిన్నె ఒకటి, మూత ఇంకా తెరవలేదు. తీసి ఎవరికైనా ఇచ్చేస్తానన్న తొలకరి ఇదే. కుండీ ఉన్నచోటే ఉంది.

"దేముడూ, ఇలా సూడు. ఇయాల నువ్వు సెప్పకపోతే నేను కదలను. నీ కూతురు ఆ లేతు మిషన్ల పక్కన పడుకుంతంది. నువ్వొక్క మాటంటే వచ్చేత్తాది. ఆ పిట్ట బతికుండగా నువ్వు సూసినావా, నేదా? నేదని సెప్పు, నేనిప్పుడే ఫోను సేత్తాను."

దేముడు నిండిన డ్రమ్ము మీద మూత పెట్టాడు. దాని మీద ఇటుక పెట్టాడు. తడిచేతులు లుంగీకి తుడుచుకుని, కుడిచేతి చూపుడువేలు ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"సూసినానప్పా. తెల్లారే సూసినాను. రెక్కలు తడిసిపోయి కొట్టుకుంతన్నాది. తీద్దారనే ఏలు పెట్టినాను. పట్టుకుంది. గట్టిగా. ఆ బల్ల మీద పట్టుకున్నట్టే. మరి అది అసిరేనని నువ్వే గదా సెప్పినావు. బయటికి తీత్తే ఏటి సేత్తాది, ఎగిరిపోద్ది. గిన్నెలో ఉంటే నా పెరట్లోనే ఉంటాది గదా అనుకున్నాను. ఏలు ఇడిపించేసుకున్నాను."